అమ్మగారి మీద రాసిన రెండు కథలు

మొన్న బందరులో ఒక కాలేజీవాళ్ళు పిలిచి నన్ను మైకు ముందు కూర్చోబెట్టారు. ఒకమ్మాయి లేచి, "మేడమ్, మీ కథల్లో ఆడవాళ్ళు మా పక్కింట్లో ఉన్నట్టే ఉంటారు. అంత నిండుగా ఎలా రాస్తారండీ?" అని అడిగింది. నేను గొంతు సవరించుకుని, మనుషుల్ని ప్రేమించాలమ్మా, సానుభూతితో చూడాలమ్మా అని ఏదో చెప్పాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. ఆ శాలువా ఒళ్ళో పెట్టుకుని ఆటోలో ఇంటికి వస్తుంటే నామీద నాకే అసహ్యం వేసింది. చెప్పిందంతా శుద్ధ అబద్ధం మరి.

అందరూ మెచ్చుకునే ఆ ఒక్క స్త్రీ పాత్రని నేను పగతో రాశాను. ప్రేమ, సానుభూతి లాంటివేమీ అప్పుడు నా దరిదాపుల్లో లేవు. ఒక మనిషి అందులో తనని తాను చూసుకుని, అవును నేనే, ఇది నేను చేసిన పనే అని ఒప్పుకోవాలి. అది నా చెవులతో నేను వినాలి. అంతకు మించి నాకు సాహిత్యంతో పని లేదు ఆ రోజుల్లో.

ఆ మనిషి మా దివిసీమ ఊళ్ళో మా చర్చి పాస్టర్ గారి భార్య. పాస్టర్ గారిని అయ్యగారు, ఆయన భార్యని అమ్మగారు అనడం మావాళ్ళ అలవాటు. పిల్లల పేర్లు పెట్టే దగ్గర్నుంచి సంబంధాలు కుదిర్చే దాకా అన్నిటికీ అమ్మగారే. మర్యాదగా 'అన్నారు, చేశారు' అనే రాయాలి ఆవిడ గురించి. ఎంత ప్రయత్నించినా నా చేతికి రావడం లేదు, క్షమించండి.

ఇరవయ్యేళ్ళ కిందటి మాట. మా నాన్నకి పక్షవాతం వచ్చి ఏడాది పాటు మంచం మీద ఉన్నాడు. ఆ ఏడాదీ మేము చెయ్యని ఉపవాసం లేదు, ఉండని ప్రార్థన లేదు. నాన్న పోయాడు. ఆ తరవాత నేను మోకరిస్తే నోట్లోంచి మాట వచ్చేది కాదు. అప్పటికి నా చదువు అయిపోయింది, అవనిగడ్డలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్తున్నాను, ఆదివారం చర్చిలో చిన్నపిల్లలకి సండే స్కూలు కూడా నేనే. కళ్ళు మూసుకుని, పెదాలు బిగబట్టుకుని, పక్కవాళ్ళు ఆమెన్ అన్నప్పుడు నేనూ అనేదాన్ని. ఆర్నెల్లు అలా నెట్టుకొచ్చాక ఇక మోయలేక ఒకరోజు అమ్మగారి వంటింట్లో కూర్చుని చెప్పేశాను. నాకు ప్రార్థన రావట్లేదండి, దేవుడున్నాడో లేడో తెలియట్లేదండి అన్నాను.

ఎంత బాగా విన్నదో ఆవిడ! స్టవ్ ఆర్పేసింది. నా ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుని రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. మధ్యలో ఒక్క మాట అడ్డు రాలేదు. అమ్మకి తెలిస్తే తట్టుకోలేదు, ఎవరికీ చెప్పకండి అమ్మగారూ అని బతిమాలాను. "పిచ్చిపిల్లా, నేనెందుకు చెప్తానే," అంటూ టీ ఇచ్చింది. ఆ టీలో అల్లం వేసిందని కూడా నాకు గుర్తుంది. ఇంటికి వెళ్తుంటే ఒళ్ళు తేలికపడ్డట్టు అనిపించింది.

అది మంగళవారం. శుక్రవారం సాయంత్రం స్త్రీల ప్రార్థన. వారానికొకరి ఇంట్లో చాపలు పరుచుకుని కూర్చుంటాం. పాటలు, బైబిలు వాక్యం అయ్యాక చివర్లో ప్రార్థన అంశాలు చెప్పమంటారు. ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఇంకొకరి గేదె పాలివ్వడం లేదు, ఇంకొకరి అల్లుడు తాగుతున్నాడు. ఎవరి బాధ వాళ్ళు చెప్పుకుంటే అందరూ కలిసి ప్రార్థిస్తారు. అది మంచి పద్ధతే. అయితే పక్కవాళ్ళ బాధ కూడా చెప్పొచ్చు. ఊరి మీద మాటలు మోస్తే పాపం అంటారు గానీ, అదే మాటకి చివర 'వాళ్ళ కోసం ప్రార్థించండి' అని తగిలిస్తే ఎవరూ తప్పు పట్టరు. అమ్మగారు ఈ విద్యలో ఆరితేరింది.

ఆ రోజు అందరూ అయ్యాక ఆవిడ కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. "మన బిడ్డ ఒకతె విశ్వాసంలో జారిపోతోందమ్మా. తండ్రి పోయిన దగ్గర్నుంచీ ప్రార్థన రావట్లేదంట. దేవుడున్నాడా అని అడుగుతోంది. పేరు చెప్పనమ్మా, పేరు చెప్పడం మంచిది కాదు," అంది. అంటూనే లేచి వచ్చి నా తల మీద చెయ్యి వేసింది.

ముప్పైమంది ఆడవాళ్ళు ఒక్కసారిగా గొంతెత్తి నా కోసం ప్రార్థించారు. ఒకావిడ ఏడ్చింది కూడా. నా పక్కన అదే చాప మీద మా అమ్మ కూర్చుని ఉంది. నేను తలెత్తి అమ్మ మొహం చూడలేకపోయాను, నేల వైపే చూస్తూ కూర్చున్నాను. తల మీద ఆవిడ చెయ్యి బరువుగా ఉంది, చేతి గాజులు నా చెవికి తగులుతున్నాయి.

తరవాత అన్నీ మర్యాదగానే జరిగాయి. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమ్మా అని సండే స్కూలు ఇంకొకరికి ఇచ్చారు. ప్రభు భోజన సంస్కారం రోజున రొట్టె పళ్ళెం నా దగ్గరికి వచ్చేసరికి పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రోజుకొకరు ఇంటికి వచ్చి హితబోధ చేసి వెళ్ళేవారు. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే మా అమ్మ ఆ వారం నుంచి గుమ్మం దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. ఇంట్లో నాతో మాటలు తగ్గాయి. అన్నం తిన్నావా, గొడుగు తీసుకెళ్ళు, తలుపు వేసుకో, అంతే. నావల్ల సిగ్గుతో చచ్చిపోతోందని నాకర్థమైంది. ఆ ఏడాదే బందరులో జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే ఉద్యోగం వస్తే అమ్మని తీసుకుని వచ్చేశాను. అమ్మ తొమ్మిదేళ్ళు నా దగ్గరే ఉండి, నా చేతుల్లోనే పోయింది. సమాధి చేసి వచ్చిన రోజున అనుకున్నాను, అమ్మగారిని వదలకూడదని.

నాకు కత్తి తిప్పడం రాదు, రాయడం వచ్చు.

కాగితం మీద పెట్టడానికి ఏడేళ్ళు పట్టింది గానీ, కూర్చున్నాక మొదటి కథ పన్నెండు రోజుల్లో రాసి పారేశాను. రాస్తున్నంతసేపూ వేళ్ళు కాలిపోతున్నట్టుండేది. అందులో పాస్టర్ భార్యకి మెల్లకన్ను పెట్టాను. పలచటి పెదాలు పెట్టాను. ఒకరి మీద ఒకరికి ఎక్కించి చెప్పడం తప్ప ఆవిడకి వేరే పని లేదు. కథ చివర్లో పశ్చాత్తాపపడే అవకాశం కూడా ఇవ్వకుండా వదిలేశాను. ఎదురుగా, చాప మీద కూర్చుని చీర చెంగుతో కళ్ళు ఒత్తుకునే ఒక తల్లి. ఆదివారం అనుబంధంలో అచ్చయింది. ఆ రోజు పొద్దున్నే రెండు కాపీలు కొని ఒకటి గుడివాడకి పోస్టు చేశాను. అయ్యగారు రిటైరయ్యాక వాళ్ళు గుడివాడలో స్థిరపడ్డారు. ఆయన పోయాడు, కొడుకు కూడా పాస్టరే, ఆవిడ కొడుకు దగ్గరే ఉంటోంది.

ఇక ఫోను మోగుతుందని ఎదురు చూశాను. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. పది రోజుల తరవాత మోగింది గానీ ఆవిడ కాదు, గుడివాడలోనే ఉండే మా చిన్నమ్మ కూతురు. "అక్కా, నీ కథ అమ్మగారు శుక్రవారం ప్రార్థనలో పైకి చదివి వినిపించిందే! ఎంత బాగా చదివిందనుకున్నావ్. చదివి, ఇలాంటి ఆడవాళ్ళు సంఘాల్లో ఉంటారమ్మా, జాగ్రత్తగా ఉండండి, వాళ్ళ మారుమనస్సు కోసం ప్రార్థిద్దాం అంది. మన బిడ్డ రాసిందని అందరికీ చెప్పింది కూడాను," అంది సంబరంగా.

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు అన్నం సయించలేదు. గురిచూసి రాయి విసిరితే పువ్వు ఏరుకున్నట్టు ఏరుకుని తల్లో పెట్టుకుంది ఆవిడ.

మా కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే మేడమ్ ఒకావిడ ఉన్నారు. బందరు ముస్లిం కుటుంబం, నాకన్నా ఐదేళ్ళు పెద్ద. నేను రాసింది ఏదైనా ముందు ఆవిడే చదువుతారు, మొహం మీదే చెప్తారు. స్టాఫ్ రూములో కారియర్ విప్పుకుంటూ నా గోడు విన్నారు. విని, "ఏమీ అనుకోకండి మేడమ్. మీ కథలో ఈవిడ పొద్దున్నే లేచి మొహం కడుక్కుంటుందా?" అన్నారు.

"ఎందుకు కడుక్కోదండీ?"

"కథలో కడుక్కోలేదండీ. లేచిన దగ్గర్నుంచీ చాడీలే. ఏం తింటుంది, దేనికి నవ్వుతుంది, ఎవరంటే భయం, ఏమీ లేవు. ఇలాంటి మనిషిని చదివితే ఎవరికైనా అబ్బే ఇది నేను కాదులే అనిపిస్తుంది. పట్టుకుందామని వెళ్ళి మీరే దొడ్డి తలుపు తీసి పెట్టారు. ఆవిడ దర్జాగా నడిచి వెళ్ళిపోయింది," అని పెరుగన్నం కలుపుకున్నారు. "మీకు ఆవిడ మీద కోపం ఉంది. ఆవిడ గురించి మాత్రం ఏమీ తెలియదు."

పౌరుషం వచ్చింది గానీ ఆ మాట నిజం. ఆవిడ వంటింట్లో అరగంట కూర్చున్నాను, చర్చిలో దూరం నుంచి చూశాను, అంతకు మించి నాకు తెలిసింది లేదు. సరే తెలుసుకుందాం అనుకున్నాను. ఒక్క తలుపు కూడా తెరిచి ఉండకుండా, కిటికీలతో సహా మూసేసి మరీ రాద్దామనుకున్నాను.

ఫోన్ చేసి, "అమ్మగారూ, మీరు గుర్తొచ్చారండి," అన్నాను. అవతల ఆవిడ నిజంగానే ఏడ్చింది. నాకు కళ్ళు తడవలేదు.

మా కాలేజీకి రెండో శనివారం సెలవు. ప్రతి నెలా ఆ రోజున బందరులో పాసింజరు ఎక్కి, పెడన మీదుగా గుడివాడ వెళ్ళేదాన్ని. చేతిలో బందరు లడ్డూ డబ్బా, సంచిలో నోటుపుస్తకం. ఆవిడ వెనక పోర్షన్లో ఉండేది. కోడలు ఉద్యోగానికి, కొడుకు సంఘం పనుల మీద వెళ్ళాక ఇల్లంతా ఖాళీ. ఇద్దరం వంటింట్లోనే కూర్చునేవాళ్ళం. ఆవిడ మాట్లాడేది, నేను వినేదాన్ని. స్టవ్ ఆర్పించి, ఎదురుగా పీట వాల్చుకుని, రెండు చేతులతో ఆవిడ చెయ్యి పట్టుకుని వినేదాన్ని. వినడం ఎలాగో నాకు నేర్పింది ఆవిడే కదా.

ఎనిమిది నెలల్లో నాకు తెలిసినవి చెప్తాను. ఆవిడ పుట్టిల్లు పెడన, తండ్రి మగ్గం నేసేవాడు, చిన్నప్పుడు నూలు కండెలు చుడుతూ పొట్లాల కాగితాలు విప్పి చదివేది. టీచరు ట్రైనింగుకి వెళ్తానంటే పద్దెనిమిదో ఏట పెళ్ళి చేసి దివిసీమ పంపారు. బొమ్మిడాయల్ని బూడిదలో దొర్లించి బండకేసి రుద్దితే చేప మీద ఒక్క జిగురు చుక్క మిగలదు, ఆ పులుసు తిని నేను వేళ్ళు నాకాను. బల్లి అంటే చచ్చేంత భయం. డెబ్భై ఎనిమిదేళ్ళకి కూడా జుట్టుకి రంగు వేసుకుంటుంది, వేసుకోలేదని అబద్ధం చెప్తుంది. కట్టుడు పళ్ళు తీసేసి మాట్లాడేటప్పుడు చేత్తో నోరు మూసుకుంటుంది. అందరికన్నా బాగా మనుషుల్ని అనుకరించగలదు. మా ఊరి చర్చి పెద్ద ఒకాయన పంచె ఎగ్గట్టుకుని కానుక పళ్ళెం పట్టుకుని ఎలా నడిచేవాడో చేసి చూపిస్తే నాకు పొలమారింది. పగవాళ్ళు నవ్విస్తే నవ్వు ఆపుకోవడం ఎంత నరకమో నాకు తెలిసింది. అలాంటి రోజుల్లో ఇంటికి రాగానే అమ్మ ఫొటో ముందు కాసేపు నిలబడి కోపాన్ని మళ్ళీ రాజేసుకునేదాన్ని.

ఐదోసారి వెళ్ళినప్పుడు దొరికింది నాకు కావలసింది. చేపలు కడుగుతూ తలెత్తకుండా చెప్పింది.

"అయ్యగారికి వాక్యం చెప్పడం వచ్చేది కాదే. కొత్తలో నిలబడితే కాళ్ళు వణికేవి, చెప్పిందే చెప్పేవారు, జనం నిద్రపోయేవారు. బదిలీ చేసేస్తారని భయపడిపోయారు పాపం. ఒక శనివారం నేనే కూర్చుని రాసిచ్చాను. ఆయన చదివారు. ఆ రోజు ఒక్కళ్ళు నిద్రపోలేదు. ఇక ముప్పై ఆరేళ్ళు శనివారం శనివారం రాశాను. గుమ్మం దాకా వచ్చి జనం అయ్యగారూ ఎంత బాగా చెప్పారండీ అంటుంటే పక్కన నిలబడి నవ్వేదాన్ని. మా అబ్బాయి ఆ పుస్తకాలు చూసే ఇప్పుడు ప్రసంగాలు చెప్తున్నాడు. నాన్నగారు చెప్తే అమ్మ రాసిపెట్టేది అనుకుంటున్నాడు వాడు."

"మీరు ఎప్పుడూ చెప్పలేదా అమ్మగారూ?"

"నేను నోరు విప్పేది ఎక్కడే? శుక్రవారం ఆడవాళ్ళ దగ్గర. అక్కడ కూడా వాక్యం చెప్పడానికి ఎవరో ఒకరు వచ్చేవారు. నాకు మిగిలింది ప్రార్థన అంశాలే." ఆవిడ నవ్వి, చేపల గిన్నె వంచి నీళ్ళు పారబోసింది. "ఇది ఎవరికీ చెప్పకమ్మా. మావాడు తట్టుకోలేడు."

"నేనెందుకు చెప్తానండీ," అన్నాను.

అన్నప్పుడు నా గొంతు ఎంత మెత్తగా ఉందో నాకే తెలిసింది. రైలెక్కి పెడన దాటకముందే మొత్తం రాసేసుకున్నాను. సంతోషంలో అక్షరాలు వంకర్లు పోయాయి.

రెండో కథ ఏడు నెలలు పట్టింది. మెల్లకన్ను తీసేశాను. ఆవిడని వీసమెత్తు చెడ్డగా చెయ్యలేదు. చేపల పులుసు పెట్టాను, బల్లి భయం పెట్టాను, నోటికి అడ్డం పెట్టుకునే చెయ్యి పెట్టాను. శనివారాల రాతలు పెట్టాను, తన మాటలు మొగుడి నోట వింటూ గుమ్మంలో నిలబడ్డ నవ్వు పెట్టాను. ఆ మనిషే, ఆ చేతులతోనే వచ్చి ఒక పిల్ల తల మీద చెయ్యి వేసి, పేరు చెప్పనమ్మా అంటుంది. ఆ పక్కన చాప మీద తల్లి ఏడుస్తూ ఉంటుంది. ఎకనామిక్స్ మేడమ్ చదివి కాగితాలు సర్ది నా చేతిలో పెట్టారు. "ఇప్పుడు ఆవిడ తప్పించుకోలేదు," అన్నారు. తరవాత, "ఆవిడ మీతో చెప్పుకున్నదేనా ఇది?" అని అడిగారు. నేను వేరే మాట ఎత్తాను.

అచ్చయ్యాక ఉత్తరాలు, ఫోన్లు, మెసేజ్‌లు. పరిపూర్ణమైన స్త్రీ పాత్ర అని ఒకరు, కన్నతల్లిలా అర్థం చేసుకున్నారు అని ఒకరు. నాకు వాళ్ళెవరితోనూ పని లేదు. మూడో వారంలో చిన్నమ్మ కూతురు ఫోన్ చేసింది. ఈసారి సంబరం లేదు. గుడివాడ సంఘంలో అందరికీ తెలిసిపోయిందట. కొడుకు ఇల్లెగిరిపోయేలా అరిచాడట. శుక్రవారం ప్రార్థనలో ఒకావిడ లేచి, మన మధ్య ఒక పెద్దావిడ ఉన్నారమ్మా, భర్తకి రావలసిన ఘనత తనదని చెప్పుకుంటున్నారు, పేరు చెప్పను, ఆవిడ కోసం ప్రార్థించండి అని అమ్మగారి వైపు చూసిందట.

నాకు పట్టరాని ఆనందం వేసింది. దాచను. ఆ పూట పాయసం చేసుకుని తిన్నాను. అమ్మ ఫొటో దగ్గర ఒక గిన్నె పెట్టాను, మా ఇళ్ళలో అలాంటి ఆచారం లేకపోయినా.

మర్నాడు అమ్మగారే ఫోన్ చేసింది. "ఒకసారి రా," అని పెట్టేసింది.

మధ్యాహ్నం రెండింటికి వెళ్ళాను. వెనక పోర్షన్ తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది, ఒళ్ళో నా కథ అచ్చయిన పత్రిక, చేతిలో పెన్సిలు. టీ ఇవ్వలేదు. కూర్చోమని కూడా అనలేదు. నేనే పీట లాక్కుని కూర్చున్నాను.

"ఆరుసార్లు చదివాను," అంది. "బాగా రాశావ్. ఇది నేనే." పెన్సిలుతో ఒక చోట చూపించింది. "ఇదీ నేనే. ఈ నవ్వు నేనే. తల మీద చెయ్యి వేసింది నేనే. తప్పే అది. ఆ వేళ చెయ్యి వేస్తున్నప్పుడే నాకు తెలుసు తప్పని."

ఇరవయ్యేళ్ళుగా వినాలనుకున్న మాట. విన్నాను. "ఎందుకు చేశారు?" అని అడిగాను.

"ఆ వారం నా దగ్గర చెప్పడానికి ఇంకేం లేదే," అంది ఆవిడ. "గేదెలు, మోకాళ్ళ నొప్పులు ఎవరు వింటారు? ఇది చెప్తే అందరూ నోరు తెరుచుకుని వింటారు. విన్నారు. నీకు మాత్రం తెలీదా ఆ రుచి?"

ఆవిడ కట్టుడు పళ్ళు సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టింది.

"మావాడు అందరి ముందూ నిలబడి అబద్ధమని చెప్పమన్నాడు. చెప్పను అన్నాను. వాడు మాట్లాడ్డం మానేశాడు, కోడలు అన్నం గిన్నె ఇక్కడ పెట్టి వెళ్ళిపోతోంది. ముప్పై ఆరేళ్ళు రాసింది నేనేనని ఇప్పుడు అందరికీ తెలిసింది. ఒకవైపు సిగ్గుగా ఉంది, ఒకవైపు గర్వంగానూ ఉంది. నీకు ఉసురు తగలాలని తిట్టుకున్నాను, మళ్ళీ నిన్ను ముద్దు పెట్టుకోవాలనీ అనిపించింది. అది వదిలెయ్." పత్రిక తిప్పి పెన్సిలుతో గట్టిగా గీసిన ఒక చోటు నా మొహం ముందు పెట్టింది. "ఈవిడెవరు?"

చూశాను. చాప మీద కూర్చుని చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంటున్న తల్లి.

"మా అమ్మ," అన్నాను.

"మీ అమ్మ ఎక్కడ ఏడ్చింది? నేను నిలబడి ఉన్నాను, పైనుంచి చూశాను. నువ్వు తలొంచుకున్నావు, నీకేం తెలుసు? కన్నార్పకుండా నన్నే చూస్తూ కూర్చుంది. మర్నాడు పొద్దున్నే మా వంటింట్లోకి వచ్చింది. అయ్యగారు స్నానానికి వెళ్ళారు. పలకరించబోతే లాగి చెంప మీద కొట్టింది. గోడకి పడ్డాను."

ఆవిడ అరచెయ్యి తీసుకెళ్ళి తన కుడి చెంప మీద పెట్టుకుంది.

కల్పించి చెప్తోందేమో అనుకోబోయాను. అమ్మగారికి చెప్పడం వచ్చు కదా. ఆ చెయ్యి చూశాక అనుకోలేకపోయాను. మా అమ్మది ఎడమచేతి వాటం. అన్నం కుడిచేత్తో తినడం అత్తవారింట్లో నేర్పించారు గానీ కొడవలి పట్టినా, కత్తిపీట మీద కూర తరిగినా, నన్ను ఒకటి వేసినా ఎడమ చెయ్యే. ఎడమ చేత్తో కొడితే ఎదుటివాళ్ళకి తగిలేది కుడి చెంప మీదే. ఈ సంగతి నాకు పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. రెండు కథలు రాశాను, రెండింట్లోనూ అమ్మకి చెంగు ఇచ్చాను గానీ ఆ చెయ్యి ఇవ్వలేదు. ఈ పరాయిదాని కోసం ఎనిమిది నెలలు రైలెక్కాను. అమ్మ గురించి ఎవరినీ ఒక్క మాట అడగలేదు.

"కొట్టి ఏమంది?" అన్నాను.

"ప్రార్థనలో దాని పెదాలు కదలట్లేదని నాకు ఆర్నెల్ల నుంచీ తెలుసు అమ్మగారూ, అంది. అంత కోపంలో కూడా అమ్మగారూ అనే అంది. అదే వచ్చి చెప్తుందని చూస్తున్నాను, అడిగితే అబద్ధం చెప్తుందని అడగలేదు, అంది. ఇవాళ కాకపోతే వచ్చే ఏడు నాకు చెప్పుకునేది, నా దగ్గర ఏడ్చేది. మీరు ముందే చెప్పేశారు. ఇంక అది ఎప్పటికీ నాకు చెప్పదు, అంది. అని వెళ్ళిపోయింది. ఆ తరవాత వారం వారం వచ్చి గుమ్మం దగ్గర కూర్చునేది. ముందు కూర్చుంటే మళ్ళీ చెయ్యి లేస్తుందేమోనని తనే ఒకసారి నాతో అంది. ఆ గుమ్మం వైపు చూడాలంటే నాకు గుండె దడగా ఉండేది." ఆవిడ పెన్సిలు పక్కన పెట్టింది. "ఊళ్ళో అందరి సంగతులూ చెప్పాను గానీ ఇది మాత్రం ఎవరికీ చెప్పలేదు. నీకే చెప్తున్నాను. రాసుకుంటావో మానతావో నీ ఇష్టం."

నేను లేచాను. ఆవిడ ఆగమనలేదు. స్టేషన్‌లో బండి ఇంకా రాలేదు. బెంచీ మీద కూర్చుని సంచిలోంచి నోటుపుస్తకం తీశాను, ఏమీ రాయలేకపోయాను.

అమ్మ అన్నట్టే జరిగింది. బందరులో రెండు గదుల ఇంట్లో తొమ్మిదేళ్ళు ఇద్దరమే ఉన్నాం. అన్నం తిన్నావా అని అమ్మ అడిగేది, తిన్నాను అనేదాన్ని. గొడుగు తీసుకెళ్ళు అనేది, తీసుకెళ్ళేదాన్ని. ఆసుపత్రిలో ఆఖరి వారం, నాకేమైనా చెప్పాలా తల్లీ అని అమ్మ నన్ను అడిగింది. ఏం లేదమ్మా, పడుకో అన్నాను.